అక్క నోట్‌బుక్కు మీద నా పేరు

పోయిన నెల మా చిన్నమ్మ మనవరాలి పెళ్లికని ఇబ్రహీంపట్నం వెళ్లాను. పెళ్లి శేరిగూడలో ఒక ఫంక్షన్ హాల్లో. కార్డు మీద పేరు చూసి ఎక్కడో కొత్తగా కట్టారనుకున్నాను కానీ, గేటు లోపలికి కారు తిప్పగానే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. అది నేను నాలుగేళ్లు పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీ. పిల్లలు చేరక మూతబడిందని విన్నాను గానీ, ఇలా రంగులేసుకుని పెళ్లిళ్లు చేయిస్తోందని తెలియదు. ఆడిటోరియంలో పందిరి వేశారు. ప్రిన్సిపాలు గదిలో పెళ్లికూతురికి జడ వేస్తున్నారు. భోజనాలు పై అంతస్తులో అన్నారు. మెట్లెక్కి కుడివైపు తిరిగి, గోడవారగా ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాను. మోకాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే ప్లగ్గుబోర్డు. ఆ గోడ పొడుగునా మోకాలి ఎత్తులో వరసగా ప్లగ్గుబోర్డులు, ఒక్కోదాని మీద తెల్లరంగుతో ఒక్కో నంబరు. నాకు తగిలింది పదిహేడు. ఆ నంబర్లు వేసిందెవరో నాకు తెలుసు. రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది నేనే. బగారన్నం వడ్డిస్తున్నతను నా ముందు ఆగి, "ఏమైందన్నా, కూర కారమైందా?" అన్నాడు. అవునన్నాను.

అవి హైదరాబాదు మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులు. రింగురోడ్డుకు కొలతలు వేస్తున్నారు. సాగర్ రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలల్లో తెల్లరాళ్లు పాతేశారు. టీకొట్టు దగ్గర నలుగురు చేరితే వానల గురించి మాట్లాడేవాడే లేడు, అందరివీ గజాల కబుర్లే. ప్లాట్లు వేయని చోట ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. శేరిగూడలో బస్సు దిగినవాడు కళ్లు మూసుకుని నడిచినా ఏదో ఒక కాలేజీ గేటుకు గుద్దుకునేవాడు. నేను ఎంసీఏ చేసి, రెండేళ్లు సిటీలో ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, ఎక్కడా కుదరక ఇంటికొచ్చి, స్కూటరు మీద పావుగంట దూరంలో ఉన్న ఆ కాలేజీలో ల్యాబ్ ఇన్‌ఛార్జిగా చేరాను. మా ఊళ్లో నన్ను కంప్యూటర్ సారు అనేవాళ్లు. ఎవరింట్లో టీవీ చెడిపోయినా నాకే కబురొచ్చేది. బాగుచేయడం రాకపోయినా వెళ్లి వెనక మూత విప్పి, తలాడించి, మళ్లీ బిగించి వచ్చేవాణ్ని. ఆ గౌరవం నాకు బాగుండేది. నా జబ్బంతా అక్కడే ఉంది.

కాలేజీ మొత్తం మీద ఏసీలున్నవి రెండే చోట్ల, ప్రిన్సిపాలు గదిలో, మా ల్యాబులో. అందుకని ఎండాకాలం వచ్చేసరికి మెకానికల్ వాళ్లకు, లెక్కల వాళ్లకు, చివరికి డ్రిల్లు మాస్టారికి కూడా కంప్యూటరుతో ఏదో ఒక పని పడేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చి, తెర ముందు కూర్చుని కునుకు తీసేవాళ్లు. ఏసీ నీళ్లు మూలనున్న బకెట్లో ఒక్కో చుక్కే పడుతుండేవి. దసరాకు అరవై మిషన్లకూ బొట్లు పెట్టి, సర్వరుకు నిమ్మకాయలు కట్టేవాళ్లం. పండగ అయ్యాక ఆ కుంకుమ కీబోర్డు సందుల్లోకి జారి, డిసెంబరు దాకా పిల్లల వేళ్లు ఎర్రబడేవి.

ఆ ల్యాబు తలుపు రోజూ తెరిచేది అక్క. సొంత అక్క కాదు. కందుకూరు దగ్గర ఒక పల్లె ఆమెది. ఇంటరు పాసవగానే పెళ్లి చేశారు. ఆమె భర్త మా కాలేజీ బస్సు డ్రైవరు. ఆయన అడిగితే ఆమెను ల్యాబులో అటెండరుగా పెట్టుకున్నారు. పొద్దున ఊడ్చి, ఫినాయిలుతో తుడిచి, మిషన్ల మీది గుడ్డ ముసుగులు తీసి మడతపెట్టడం, సాయంత్రం మళ్లీ కప్పడం ఆమె పని. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. చేరిన కొత్తలో సార్ అని పిలిస్తే, మా పెద్దక్క ఈడు మనిషి అలా అనడం ఇబ్బందనిపించి, తమ్మి అనమన్నాను. అప్పటినుంచి పిల్లల ముందు సార్ అనేది, పిల్లలు వెళ్లాక తమ్మి అనేది. ఆ రెంటి మధ్య ఆమె ఎన్నడూ తడబడలేదు. పిల్లలున్నంతసేపు ల్యాబు కుర్చీల్లో ఆమె కూర్చోకూడదు. తలుపు దగ్గర స్టూలు వేశారు. ఆ స్టూలు మీద కూర్చునే నేను చెప్పే పాఠాలన్నీ మూడేళ్లు విన్నది. ఒకసారి ఒక మిషను వెలగకపోతే నేను పిల్లలకు విద్యుత్తు గురించి, మదర్‌బోర్డు గురించి పెద్ద ఉపన్యాసమే ఇస్తున్నాను. వెనకనుంచి నెమ్మదిగా, "సార్, ఎనక తీగె ఊడింది" అని వినిపించింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు నవ్వు రాలేదు.

నేనక్కడ ఉన్న ఆఖరి ఏడాది, కాలేజీ గుర్తింపు కోసం తనిఖీకి వచ్చేవాళ్లు ప్రతి మిషనుకూ ఆఫీసు సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాగితాలు అడుగుతారని ఎవరో చైర్మన్ గారి చెవిన వేశారు. మా అరవై మిషన్లలో ఉన్నదంతా ఒకే ఒక్క సీడీ నుంచి ఎక్కించిన దొంగసరుకు. అసలు ధర కనుక్కున్నాక ఆయన దాన్ని అరవైతో నాచేత రెండుసార్లు హెచ్చవేయించాడు. ఆయన పూర్వం బోర్లు వేయించిన మనిషి, నీళ్లు పడని బోరు ముందు కూడా అంత నీరసంగా నిలబడి ఉండడు. నేను నా తెలివి చూపించుకోవాలని, మిషన్ను నడిపించే లినక్స్ అనేదొకటి ఉంది, అది ఉచితం, దాంట్లో రాతకోతలకు కావలసిన ఆఫీసూ ఉచితమే అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు.

"ముఫత్‌ల ఎవడిస్తడు? దానికి రసీదు ఉంటదా?"

"రసీదు ఉండదు సార్."

"రసీదు లేని సామాను ఎట్ల సూపియ్యాలె నేను?" అని కాసేపు గొణిగి, చివరికి ఒప్పుకున్నాడు. తనిఖీకి ఇంకా నెలరోజులే ఉంది.

లినక్స్ ఎక్కించడం నాకు వచ్చు. చిక్కంతా ఆఫీసు దగ్గర వచ్చింది. దానితోపాటు వచ్చిన ఆఫీసు పాతది. ప్రిన్సిపాలు గారి టైంటేబులు దాంట్లో తెరిస్తే గడులు కాగితం బయటికి పోయేవి. సిలబస్‌లో ఉన్న డేటాబేసు దాంట్లో లేనే లేదు. కొత్తది ఒక కంప్యూటరు పత్రికతో ఇచ్చిన సీడీలో దొరికింది గానీ, మా లినక్స్ దాన్ని ముట్టుకోనంది. లినక్సుల్లోనూ తెగలున్నాయి. ఒక తెగ ఆర్‌పీఎం అనే మూటల్లో కట్టిన సరుకే తీసుకుంటుంది, ఇంకో తెగ డెబ్ అనే మూటల్లో కట్టిందే తీసుకుంటుంది. లోపలి సరుకు ఒకటే, మూట వేరు. మాది డెబ్ తెగ. సీడీలో ఉన్నవేమో ఆర్‌పీఎం మూటలు, ఇరవైకి పైనే. నెట్ నుంచి దించుకుందామంటే మా కాలేజీ ఫోను లైను మీద అది దిగేలోపు పిల్లలు డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోతారు. ఒక మూటను విప్పి ఇంకో మూటగా కట్టే ఏలియన్ అనే పనిముట్టు ఒకటుందని మాత్రం తెలుసు. రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. మూటలు మారినట్టే మారేవి, ఎక్కించబోతే అది లేదు, ఇది కావాలి అని తెరనిండా ఇంగ్లీషులో తిట్టేది. మూడో రోజు, ఇది మనవల్ల కాదు, చైర్మన్ గారితో చెప్పేస్తాను అని లేచాను.

అక్క ముసుగులు కప్పుతూ కప్పుతూ ఆగింది. "తమ్మీ, గా పదిహేడో నంబరు మిషన్ నాకు ఇడిసిపెడ్తవా జర? ఖరాబైతె మల్ల లినక్స్ ఎక్కిస్తవ్ గద" అన్నది.

పిల్లలు వెళ్లాక, ఆఖరి బస్సు బయల్దేరే దాకా రోజూ రెండు గంటలు ఆమెకు దొరికేవి. తొమ్మిది రోజులు కూర్చుంది. తిట్టు కనబడగానే నేనైతే తెరమీది ఆ కిటికీ మూసేసేవాణ్ని. ఆమె ఆఖరి లైను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది, నన్ను అర్థం అడిగేది, ఏ మూట ఏ మూటను అడుగుతోందో కాగితం మీద చుట్టరికాలు రాసినట్టు రాసుకునేది. ఏలియన్ మూట మార్చేటప్పుడు దాని నంబరుకు ఒకటి కలుపుతుందని, అందుకే ఒక మూట ఇంకోదాన్ని గుర్తుపట్టడం లేదని, కమాండులో చిన్న కె అక్షరం చేరిస్తే పాత నంబరే ఉంటుందని ఆమే పట్టుకుంది. పాత ఆఫీసు తీయకుండా కొత్తది పెడితే రెండూ కొట్టుకుంటాయని పట్టుకుంది. అంతా ఎక్కాక కూడా ఆఫీసు మెనూలో కనబడలేదు. లోపల ఉంది, తెరిచే దారి లేదు. దారి చూపించే చిన్న మూట ఒకటి సీడీలో వేరే ఫోల్డరులో విడిగా పడి ఉందని తొమ్మిదో రోజు కనిపెట్టింది. ఆఫీసు తెరుచుకోగానే తన పేరు ఇంగ్లీషులో టైపు చేసి, అక్షరాలు తెరంత పెద్దవి చేసి, కాసేపు చూసుకుని, చెరిపేసింది. ఎందుకు చెరిపినవక్కా అంటే, "మల్ల ఎవలన్న సూస్తె?" అన్నది.

అక్కకు నెమలి బొమ్మ అట్ట ఉన్న పొడుగాటి నోట్‌బుక్కు ఒకటి ఉండేది. కనిపెట్టిందంతా దాంట్లో రాసింది, కమాండ్లతో సహా తెలుగు అక్షరాల్లో. ఖాళీ వదలాల్సిన చోట 'జాగ' అని, డ్యాషు ఉన్నచోట 'అడ్డగీత' అని. రూట్ అనే సర్వాధికారికి ఆమె పెట్టిన పేరు పెద్ద సారు. 'ముందుగాల పెద్ద సారు లెక్క లోపలికి పోవాలె.' ఇంకోచోట, 'తిడ్తది. భయపడొద్దు. ఆఖరి లైను సదువు.' చివరి పేజీలో కింద రెండు గీతలు కొట్టి, 'ఆఖర్న మెనూ డబ్బ. మర్వద్దు.' ఇంగ్లీషు కమాండ్లకు ఈ తెలుగు వేషం ఎందుకక్కా అని ఏడిపించాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "ఇంగ్లీషుల అయితె తెల్వకున్నా సూసి రాస్త తమ్మీ. తెలుగుల రాయాలంటె తెల్వాలె" అన్నది. ఆ మాట విని ఆ వేళ మురిసిపోయాను, రెండు మూడు చోట్ల నా మాటగా వాడుకున్నాను కూడా.

ఆ తర్వాత వారం రోజుల్లో అరవై మిషన్లకూ ఎక్కించాం. ఏది అయ్యిందో ఏది కాలేదో తికమక పడకుండా గోడమీది ప్లగ్గుబోర్డులకు కూడా ఆమె మిషన్ల నంబర్లే వేసింది. చైర్మన్ గారు చూడటానికి వచ్చినప్పుడు, ఇదంతా అక్కే చేసిందని నేనే చెప్పాను. ఆ మాట ఒక్కటి నా ఖాతాలో మిగలనివ్వండి. ఆయన సంతోషపడి, "తనిఖీ పాసైతె నిన్ను టెక్నీషియన్ చేస్త. ఏం పని చేసినవో ల్యాబు సారు ఒక కాయిదం రాసిస్తె సాలు" అన్నాడు. టెక్నీషియన్ అంటే స్టూలు పోయి కుర్చీ రావడం. అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఆ రోజుల్లో సిటీలో రోజుకొక కంపెనీ తెరుస్తున్నారు, లినక్స్ తెలిసినవాళ్లు దొరక్క, డిగ్రీ లేకపోయినా ఎక్కడో చేసినట్టు కాగితముంటే తీసుకుంటున్నారు. అక్కకు ఇది తెలుసు. ఆ కాగితం గురించి ఆమె నాతో మాట్లాడినంతగా ఇంకే విషయమూ మాట్లాడలేదు.

తనిఖీ అంటే ఏమిటో ఆ కాలంలో కాలేజీల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్కరోజు కోసం ఎక్కడెక్కడి డాక్టరేట్లో సూట్లు వేసుకుని దిగేవాళ్లు, మేమెన్నడూ చూడని మా విభాగాధిపతి నన్ను పట్టుకుని బాత్రూము ఎటు అని అడిగేవాడు. లైబ్రరీ పుస్తకాల్లో పక్క కాలేజీ ముద్రలుండేవి. అంతకుముందు రోజు దాకా ఒక కాలేజీలో ఉన్న కంప్యూటర్లు మర్నాడు ఇంకో కాలేజీలో కనబడేవి. లేనివాళ్లను తెచ్చి కూర్చోబెట్టినట్టే, ఉన్నవాళ్లను దాచేవాళ్లు. కాగితాల మీద పేరు లేని అటెండర్లు, ఆయాలు, డిగ్రీ పూర్తికాని ల్యాబు వాళ్లు, వీళ్లందరినీ పొద్దున్నే కాలేజీ బస్సెక్కించి హయత్‌నగర్ అవతల ఒక దాబా వెనక సాయంత్రం దాకా ఆపి ఉంచేవాళ్లు. బస్సు నడిపేది అక్క భర్తే. వాళ్లు పులిహోర డబ్బాలు కట్టుకుని, పల్లీలు కొనుక్కుని తీర్థం పోయినట్టు పోయేవాళ్లు. ఆ రోజు కూడా అక్క బస్సు మెట్టుమీద నిలబడి, "లేని మనుషులం గద తమ్మీ, టూర్ పోతున్నం" అని నవ్వింది.

తనిఖీకి వచ్చిన పెద్దాయన ఖద్దరు చొక్కాతో, మెత్తటి మాటతో ఉన్నాడు. ల్యాబంతా తిరిగి, "ఈ మిషన్లు మీవేనా, నిన్న లారీలో దిగినవా?" అని అడిగాడు. మావే సార్ అని ఊరుకుంటే సరిపోయేది. ఆర్‌పీఎం మూటల్ని డెబ్బులుగా మార్చి మరీ ఆఫీసు ఎక్కించాం అని గొప్పకు పోయాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "అయితే ఈ పదిహేడో దాంట్లో ఆఫీసు తీసేయండి. నేను టిఫిను చేసి వచ్చేలోపు సీడీ నుంచి మళ్లీ మార్చి ఎక్కించండి. ఎక్కించిన మనిషి ఇక్కడుంటే మిషన్లు ఇక్కడివే" అన్నాడు. ప్రిన్సిపాలు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మిషన్లు నిజంగా మావే. ఎక్కించిన మనిషే హయత్‌నగర్ అవతల ఉంది.

అందరూ టిఫిన్లకు వెళ్లగానే కిటికీ దగ్గరికి పోయి డ్రైవరన్న సెల్లుకు ఫోను చేశాను. వెనక బస్సులో ఎవరో పాట పాడుతున్నారు, చప్పట్లు. "అన్నా, అక్కకియ్యి జర" అన్నాను. సంగతి చెప్పగానే ఆమె గొంతు మారింది.

"ఫికర్ చెయ్యకు. పెద్ద సారు లెక్క లోపలికి పోయినవా? ఆఁ, గిప్పుడు ఏలియన్ కొట్టు. జాగ. అడ్డగీత, చిన్న డి. జాగ. అడ్డగీత, చిన్న కె. కె మర్సినవంటె మొత్తం ఖరాబైతది. కొట్టినవా? సదివి ఇనిపియ్యి."

చదివి వినిపించాను. తప్పొకటి దిద్దింది. మూటలు ఒక్కొక్కటే మారుతుంటే, ఆమె ఫోను పెట్టకుండా అవతల అలాగే ఉంది. ఎక్కించే కమాండు కూడా చెప్పి, "తమ్మీ, అది అయినంక ఇంకోటి ఉన్నది" అంటుండగా మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఫోను కట్ చేశాను.

పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆఫీసు ఎక్కింది. మెనూ తెరిచాను, లేదు. మళ్లీ తెరిచాను. "ఏదీ?" అన్నాడాయన. అక్క నోట్‌బుక్కు ముసుగుల మడతల కింద ఉంటుందని గుర్తొచ్చి, లేచి, నెమలి అట్ట తీసుకొచ్చి, ఆఖరి పేజీ చూసి మెనూ మూట ఎక్కించాను. ఆఫీసు కనబడింది. ఆయన చెయ్యి చాచి నోట్‌బుక్కు అందుకుని పేజీలు తిప్పాడు. జాగ, అడ్డగీత, పెద్ద సారు. ఆయన ముఖం విప్పారింది.

"ఎవరిదీ నోట్సు?"

"నాదే సార్."

"ఇన్ని కాలేజీలు చూశాను, కమాండ్లను ఇలా సొంతభాషలో అర్థం చేసుకుని రాసుకున్నవాణ్ని చూడలేదు. చేతిరాత కూడా ఎంత గుండ్రంగా ఉంది, మా అమ్మ రాత ఇలాగే ఉండేది" అన్నాడు. ప్రిన్సిపాలు వైపు తిరిగి, దీన్ని జిరాక్సు తీయించి ల్యాబు మాన్యువల్‌గా పిల్లలకు ఇవ్వమన్నాడు. నా పేరు అడిగి, స్పెల్లింగు సరిచూసుకుని మరీ రిపోర్టులో రాసుకున్నాడు.

ఆ నిమిషంలో అక్క పేరు చెప్పడానికి నిజంగానే వీల్లేదు. చెప్తే ఆమెను పిలవమంటారు, పిలిస్తే బస్సంతా బయటపడుతుంది. ఆ అబద్ధం కాలేజీది, నా నోట్లోంచి వచ్చిందంతే అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. తర్వాత నోరు మూసుకున్నది మాత్రం పూర్తిగా నేనే. దానికి ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

సాయంత్రం బస్సు దిగి అక్క గబగబా మెట్లెక్కి వచ్చింది. "అయ్యిందా తమ్మీ? మెనూ డబ్బ చెప్పకముందే కట్ చేసినవ్, నా పానం కొట్టుకున్నది" అన్నది. అయ్యిందక్కా అన్నాను. నోట్‌బుక్కేది అంటే, ప్రిన్సిపాలు గారు చూస్తానని తీసుకున్నారన్నాను. ఇంకేమీ చెప్పలేదు. పది రోజులకు మాన్యువళ్లు కట్టలు కట్టలుగా ల్యాబుకు వచ్చాయి. అట్టమీద అచ్చులో నా పేరు, పక్కన ఎంసీఏ. లోపలంతా అక్క చేతిరాత. నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఆమె ఒక చేత్తో తుడుపుగుడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో ఒక పుస్తకం తిప్పుతోంది. మొదటినుంచి చివరిదాకా తిప్పి, అట్ట మళ్లీ చూసి, కట్ట మీద సరిగ్గా అంచు కలిపి పెట్టింది.

"మంచిగచ్చింది సార్" అన్నది.

పిల్లలెవరూ లేరు అప్పుడు. ఆ తర్వాత ఎన్నడూ తమ్మి అనలేదు.

వారం తర్వాత, టెక్నీషియన్ పోస్టుకు కాగితం రాసిస్తారా సార్ అని అడిగింది. రేపు రాస్తానన్నాను. చైర్మన్ గారిని అడిగితే, "రిపోర్టుల నీ పేరున్నది. గిప్పుడు అటెండర్ చేసిందని రాస్తె రిపోర్టు అబద్ధమైతది. జర ఆగుమను" అన్నాడు. ఆ రిపోర్టు వాక్యంతోనే నేను సిటీలో ఒక కంపెనీకి అప్పటికే దరఖాస్తు పెట్టాను, అది ఆయనకు తెలియదు. కాగితం రాయకుండా ఉండటానికి నాకు ఆయన మాట అవసరమైంది, దొరికింది. రేపు రేపు అంటూ నెల గడిపాను. ఒకరోజు స్కూటరు తీస్తుంటే డ్రైవరన్న వచ్చి హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. కొట్టేలా లేడు, కొట్టి ఉంటే బాగుండేది. "ఆ దినం ఫోన్ నాది సార్. పక్కన్నే కూసున్న. మొత్తం ఇన్న" అన్నాడు. నేను తల దించుకున్నాను. "నేను ఫోన్ ఎత్తకపోతె ఏమైతుండె సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బస్సు వైపు వెళ్లిపోయాడు.

టెక్నీషియన్ పోస్టు చైర్మన్ గారి తోడల్లుడి తరఫు మనిషికి వచ్చింది. డిప్లొమా ఉంది గానీ పని తెలియదు. అతనికి పని నేర్పింది అక్కే, నా పేరున్న మాన్యువల్ తెరిచి పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని. నేను ఆ ఎండాకాలంలోనే సిటీకి వెళ్లిపోయాను. ఇంటర్వ్యూలో మాన్యువల్ బల్లమీద పెడితే, ఇదంతా మీరే రాశారా అని అడిగారు. అవునన్నాను. ఆ రోజు నేను కాపాడాల్సిన బస్సు ఏదీ లేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, నేను పదిమందికి అనుభవ పత్రాల మీద సంతకాలు పెట్టే స్థాయికి వచ్చాక, ఒక ఆదివారం కూర్చుని అక్కకు కాగితం రాశాను. ఏ పని చేసింది, ఎలా కనిపెట్టింది, మాన్యువల్ ఎవరిది, అన్నీ. కంపెనీ కాగితం మీద అచ్చుతీసి, ముద్ర వేసి, కందుకూరు వెళ్లాను. ఆమె ఇల్లు వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. డ్రైవరన్న వాకిట్లో బండి కడుగుతున్నాడు. నన్ను చూసి, లోపలికి "సార్ వచ్చిండు" అని కేకేసి మళ్లీ బండి కడుక్కున్నాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా కాలేజీ వదిలేశాక ఇంకో రెండు కాలేజీలకు పోయిందట. రెండుచోట్లా కాగితం అడిగారు, లేకపోతే ఊడ్చే పని ఉందన్నారు. అప్పటికి మూడేళ్లుగా ఒక కోళ్లఫారంలో గుడ్లు ఏరి అట్టల్లో పేరుస్తోంది. ఇదంతా ఆమె నిష్ఠూరంగా చెప్పలేదు, నేను అడిగితే చెప్పింది. కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది.

కాగితం ఆమె చేతికిచ్చి, క్షమించమని అడిగాను. అక్క అన్నాను, రెండుసార్లు. ఆమె గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి, ఎప్పటిలాగే అక్షరం అక్షరం చదివింది. ఇంగ్లీషులో తెలియని మాటకు అర్థం అడిగింది. చెప్పాను. ముద్ర మీద వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత నేను మడిచిన మడతల మీదే మళ్లీ మడిచి నా ముందు పెట్టింది.

"అన్ని నిజాలే రాసిన్రు సార్. అప్పుడు రెండు లైన్లున్నా సాలుతుండె. గా ఆఫీసు గిప్పుడు ఎవలు ఎక్కిస్తున్నరు, గా ఏలియన్ ఎవలకు యాదికున్నది? గిది పట్కపోయి నేను ఎవలకు సూపియ్యాలె?" అన్నది. కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

చాయ్ తాగి, కాగితం జేబులో పెట్టుకుని వచ్చేశాను. దాన్ని రాయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు తొమ్మిదేళ్లపాటు నా దగ్గరే ఉన్నాయి, ఆమెకు పనికొచ్చే కాలం మాత్రం అందులో మొదటి నెల ఒక్కటే.